సీషెల్స్ దీవుల మధ్య తెరచాప పడవలో, స్నేహితులతో

చెన్నై హార్బర్‌లో తెరచాప పడవ నేర్చుకున్న మన తెలుగువాళ్లు కాస్త చెయ్యి తిరగగానే, విజయవాడ నుంచో హైదరాబాద్ నుంచో స్నేహితులను పిలిచి ఎక్కడైనా దీవుల మధ్య ఓ వారం తిరిగొద్దాం అనుకుంటారు. తప్పకుండా వెళ్లండి. హిందూ మహాసముద్రంలోని సీషెల్స్ దీనికి చాలా మంచి చోటు, ముఖ్యమైన దీవులు దగ్గర దగ్గరగా ఉంటాయి, తుపాన్లు మామూలుగా వాటి వైపు రావు, మనకు వీసా అక్కర్లేదు, ఆన్‌లైన్‌లో ప్రయాణ అనుమతి తీసుకుంటే చాలు.

కానీ టికెట్లు కొనకముందే ఒక మాట తేల్చుకోండి. స్నేహితులు తేదీ చెప్పవచ్చు, లేదా చూడాలనుకునే చోటు చెప్పవచ్చు, ఫలానా రోజు ఫలానా చోట ఉండాలంటే మాత్రం కుదరదు. "బుధవారానికి లా డీగ్ దీవిలో హోటల్ బుక్ చేశాం" అని ఎవరైనా అన్నారంటే, గాలి ఎలా ఉన్నా ఆ రోజు బయల్దేరాలనే ఒత్తిడి మీ మీద పడుతుంది. పడవ మీద చెడు నిర్ణయాలు అలాంటి ఒత్తిడిలోనే తీసుకుంటాం.

మే నుంచి సెప్టెంబరు దాకా అక్కడ ఆగ్నేయ గాలి, జులై, ఆగస్టుల్లో బాగా గట్టిగా ఉంటుంది. డిసెంబరు నుంచి మార్చి దాకా వాయవ్య గాలి, వానలు. ఈ రెండిటి మధ్య ఏప్రిల్, అక్టోబరు నెలల్లో సముద్రం నెమ్మదిస్తుంది, కాబట్టి పిల్లల పరీక్షలు అయిపోయాక ఏప్రిల్‌లో గానీ దసరా సెలవుల్లో గానీ పెట్టుకోండి. గాలి చాలక కొంత దూరం ఇంజిన్ మీద వెళ్లాల్సి వచ్చినా కొత్తవాళ్లకు అదే సుఖం. రెండు పడవలు పక్కపక్కన కలిపినట్టుండే కాటమరాన్ అద్దెకు తీసుకోండి, ఒక పక్కకు పెద్దగా ఒరగదు. మీ అనుభవమంతా చిన్న పడవల మీదే అయితే పడవ నడిపే స్కిప్పర్‌ని కూడా పెట్టుకోండి, ఆ ఖర్చు దగ్గర వెనకాడొద్దు. స్నేహితులకు మెత్తటి బ్యాగులే తెమ్మని చెప్పండి, గట్టి సూట్‌కేసు పెట్టడానికి పడవలో చోటుండదు.

అసలు కష్టమంతా విమానం దిగే ప్రధాన దీవి మాహే నుంచి ప్రాలిన్ దీవికి దాటడంలోనే ఉంది. సుమారు 45 కిలోమీటర్లు, గంటకు 5, 6 నాటికల్ మైళ్ల వేగంతో వెళితే నాలుగైదు గంటలు, అదీ విశాలమైన సముద్రంలో. దిగిన రోజే దాటకండి. మొదటి రాత్రి మాహే దగ్గరే లంగరు వేసి, అందరినీ నిద్రపోనిచ్చి, పొద్దున్నే బయల్దేరండి.

కడుపులో తిప్పే సమస్య గురించి మొహమాటం లేకుండా ముందే మాట్లాడండి, "నాకేం కాదు" అనేవాళ్లతో కూడా. ఆవోమిన్ లాంటి మాత్ర డాక్టరును అడిగి, కదలడానికి గంట ముందే వేసుకోవాలి, వాంతులు మొదలయ్యాక మింగితే లోపల నిలవదు. ఖాళీ కడుపుతో ఉండకూడదు, నూనె టిఫిన్లూ వద్దు, రెండు ఇడ్లీలో అరటిపండో చాలు. ఫోన్ చూడటం, గదిలోకి వెళ్లి బ్యాగు సర్దుకోవడం వెంటనే తిప్పేస్తాయి. బయట గాలిలో కూర్చోబెట్టి, దూరంగా ఆకాశం సముద్రం కలిసే గీతను చూడమనండి. ఇంకా మంచిది, చుక్కాని వాళ్ల చేతికివ్వండి, పడవ నడిపేవాళ్లకు అంతగా తిప్పదు. అల్లం మురబ్బా, ఓఆర్‌ఎస్ దగ్గర ఉంచుకోండి.

తాడు విప్పకముందే అందరినీ కూర్చోబెట్టి చెప్పాల్సినవి ఉన్నాయి. లైఫ్ జాకెట్ ఎవరిది వాళ్లే ఒకసారి తొడుక్కుని చూడాలి. ఎవరైనా నీళ్లలో పడితే చూసినవాళ్లు గట్టిగా అరిచి, కళ్లు తిప్పకుండా వేలు చూపిస్తూనే ఉండాలి, అలల మధ్య తల ఒక్క క్షణంలో మాయమవుతుంది. పడేది మీరే కావచ్చు కదా, అందుకని ఇంజిన్ వేయడం, తెరచాప దించడం, వీహెచ్‌ఎఫ్ రేడియోలో 16వ ఛానల్‌లో సాయం అడగడం ఇంకో ఇద్దరికైనా నేర్పండి. టాయిలెట్‌లో కాగితం ముక్క కూడా వేయొద్దని చెప్పండి, సన్నటి పైపు మూసుకుపోతే వారమంతా నరకం. మగ్గు చెన్నై నుంచే పట్టుకెళ్లండి. మంచినీళ్లు ట్యాంకులో ఉన్నన్నే, కాబట్టి స్నానం సముద్రంలో, చివర ఒక్క చెంబు మంచినీళ్లు.

బియ్యం, పప్పు ఇక్కడి నుంచి మోయక్కర్లేదు, అవి అక్కడివాళ్ల రోజువారీ తిండే. మాహేలోని రాజధాని విక్టోరియాలో తమిళుల దుకాణాలూ, వినాయకుడి గుడీ ఉన్నాయి.

లంగరు వేసే చోటికి మధ్యాహ్నం మూడింటికల్లా చేరండి. ఎండ నెత్తి మీదో వెనకనో ఉంటేనే నీళ్లలో పగడపు దిబ్బలు గోధుమ రంగులో, ఇసుక లేత రంగులో విడివిడిగా కనిపిస్తాయి, పైగా ఆరున్నరకల్లా చీకటి పడిపోతుంది. ఇసుక మీదే వేయాలి, పగడాల మీద వేస్తే విరిగిపోతాయి, అవి మళ్లీ పెరగడానికి ఏళ్లు పడుతుంది. నీటి లోతుకు, నీటి పైన పడవ ముక్కు ఎత్తు కలిపి, దానికి కనీసం ఐదింతల గొలుసు వదలండి: 6 మీటర్ల లోతు, 1 మీటరు ఎత్తు అయితే 35 మీటర్లు. లంగరు నాటుకుందో లేదో మాస్క్ పెట్టుకుని చూసి రావడం ఈత వచ్చిన స్నేహితులకు అప్పగించండి, ఉత్సాహంగా చేస్తారు. ప్రాలిన్‌లోని ఆన్స్ లాజియో తీరం ఆగ్నేయ గాలిలో హాయిగా ఉంటుంది, అదే వాయవ్య గాలిలో అలలు నేరుగా లోపలికి వస్తాయి, అప్పుడు వేరే చోటు చూసుకోవాలి. అక్కడి నుంచి క్యూరియూజ్ దీవి దగ్గరే, పెద్ద తాబేళ్లు స్వేచ్ఛగా తిరుగుతుంటాయి, పిల్లలుంటే ఒక పూట మొత్తం దానికే ఇవ్వండి.

తిరుగు ఫ్లైట్‌కు రెండు రోజుల ముందే మాహే వైపు బయల్దేరండి. గాలి అనుకూలించక ఒక రోజు ఆగాల్సి వచ్చినా ఇంకో రోజు చేతిలో ఉంటుంది, ముందే చేరితే విక్టోరియా మార్కెట్ చూసి, డీజిల్ నింపి, తీరిగ్గా పడవ అప్పగించవచ్చు.