పక్క షెడ్డులో పదిహేడేళ్ల తల్లి ఉంటే ఎలా తోడు నిలబడాలి?

బెంగళూరులో వైట్‌ఫీల్డ్, హూడి, వర్తూరు, సర్జాపూర్ రోడ్డు వైపు ఏ పెద్ద అపార్ట్‌మెంట్ లేచినా దాని వెనకాల ఒక రేకుల షెడ్ల వరుస ఉంటుంది. అందులో అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు నుంచి బేల్దారి పనికొచ్చిన మనవాళ్లుంటారు, ఆ కుటుంబాల్లో చంకలో బిడ్డనెత్తుకున్న పదహారు పదిహేడేళ్ల పిల్ల ఒకతైనా కనిపిస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, 15-19 ఏళ్ల అమ్మాయిల్లో అప్పటికే తల్లయినవాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు కలిపి దేశం మొత్తం మీద 6.8 శాతం, కర్ణాటకలో 5.4 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 12.6 శాతం. కాబట్టి ఇది కన్నడవాళ్ల ఊళ్లో ఎవరిదో సమస్య కాదు, మన ఇంటి సంగతే.

దీనికి పెద్ద సంస్థేమీ అక్కర్లేదు. అపార్ట్‌మెంట్‌లో నలుగురు ఆడవాళ్లు, వీలైతే ఒక మగాయన, వారానికి రెండు గంటలు ఇవ్వగలిగితే చాలు. మీ దగ్గర డబ్బు కంటే పనికొచ్చే సరుకు ఒకటుంది, అది తెలుగు. ఆశా అక్క కన్నడలో చెప్పింది ఆ పిల్లకి సగమే అర్థమవుతుంది, ఆ పిల్ల సీమ యాసలో చెప్పుకున్నది ఆశా అక్కకి అసలే అర్థం కాదు. మధ్యలో మీరు నిలబడితే సగం పని అయినట్టే.

1. వెళ్లేముందు చట్టం సంగతి తేల్చుకోండి

దీన్ని దాటేసి చివర్లో చూద్దామనుకుంటే మీకూ ఆ పిల్లకీ ఇద్దరికీ చిక్కే. అమ్మాయికి పద్దెనిమిది నిండకపోతే, పెళ్లయినా సరే, పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల) చట్టం వర్తిస్తుంది. భర్త అయితే ఫర్వాలేదన్న మినహాయింపు 2017లో సుప్రీంకోర్టు తీర్పుతో పోయింది. విషయం తెలిసిన ఎవరైనా సమాచారం ఇవ్వాలి, ఇవ్వకపోతే ఆరు నెలల దాకా జైలు గానీ జరిమానా గానీ ఉంటుంది. 'ఎవరైనా' అంటే మీరు కూడా. పైగా కర్ణాటకలో బాల్యవివాహం మొదట్నుంచీ చెల్లదని రాష్ట్ర సవరణ ఉంది. అయితే ఆ పెళ్లిలో పుట్టిన బిడ్డ హక్కులకి మాత్రం ఢోకా లేదు, 2006 బాల్యవివాహ నిషేధ చట్టమే ఆ బిడ్డను సక్రమ సంతానం అంటుంది. ఈ ఒక్క ముక్క చెబితే చాలామంది తల్లులకి టెన్షన్ సగం తగ్గుతుంది.

మరి ఏం చేయాలి? 'ఎవరికీ చెప్పనులే' అని మాటివ్వకండి. ఆ పిల్ల నోరు విప్పకముందే, తన వయసు పద్దెనిమిది లోపయితే మీరు ఏం చెప్పాల్సి వస్తుందో, ఎవరికి చెబుతారో నెమ్మదిగా వివరించండి. చెప్పడానికి 1098 (పిల్లల హెల్ప్‌లైన్), పోలీసులు, జిల్లా బాలల సంరక్షణ అధికారులు ఉన్నారు. బాలల సంక్షేమ కమిటీ ఆ అమ్మాయికి తోడుగా ఒక సపోర్ట్ పర్సన్‌ని పెట్టగలదు, అది అడిగి తీసుకోవాలి. ఆడవాళ్లకి, పిల్లలకి ప్రభుత్వ లాయరు ఉచితం, న్యాయ సేవల నంబరు 15100. మీరు పని మొదలుపెట్టక ముందే ఒకసారి ఆ లాయరుతో మాట్లాడి, ఏ పరిస్థితిలో ఏం చేయాలో ఒక పేజీ రాసుకుని మీ నలుగురి దగ్గర పెట్టుకోండి. కేసు భయంతో పిల్లని ఆసుపత్రికే తీసుకెళ్లని ఇళ్లున్నాయి, అది కేసు కంటే ప్రమాదం. పోలీసు కాగితం లేదని వైద్యం ఆపకూడదు.

వయసు ఎక్కువ చెప్పమని సలహా మాత్రం ఇవ్వకండి. పదహారేళ్ల ఒంటికి బీపీ, రక్తం తక్కువ, నెలలు నిండకుండా కాన్పు లాంటి ముప్పులు ఎక్కువ, డాక్టరుకి అసలు వయసు తెలియాలి. పైగా ఆధార్‌లో ఒకటి, ఆసుపత్రి చీటీలో ఇంకొకటి పడితే తర్వాత బిడ్డ కాగితాల దగ్గర తిరగలేక చస్తారు.

ఇంకో సంగతి. అమ్మాయి ఈ కడుపు వద్దనుకుంటే ఆ మాట వినండి, నొసలు చిట్లించకండి. ఇరవై వారాల లోపు ఒక డాక్టరు, మైనరైతే ఇరవై నాలుగు వారాల దాకా ఇద్దరు డాక్టర్లు ఒప్పుకుంటే చట్టబద్ధంగా తీయించుకోవచ్చు, మైనరుకి సంరక్షకుల సంతకం కావాలి. ఇలాంటి కేసులో పోలీసులకిచ్చే సమాచారంలో అమ్మాయీ సంరక్షకులూ కోరితే డాక్టరు ఆ అమ్మాయి పేరు రాయనక్కర్లేదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. బిడ్డ పుట్టాక పెంచలేనంటే, పిల్లల్లేని బంధువులకి చేతిలో పెట్టేయడం, వీధిలో ఎవరో అడిగారని ఇచ్చేయడం పనికిరావు. బాలల సంక్షేమ కమిటీ ద్వారా ఇస్తే మనసు మార్చుకోవడానికి ఆ తల్లికి అరవై రోజుల గడువుంటుంది.

2. ముందు అత్తమ్మతో మాట్లాడండి

నేరుగా ఆ పిల్ల దగ్గరికి వెళ్లి 'అమ్మా, నీకోసం మీటింగ్ పెట్టాం రా' అంటే ఎవరూ రారు. ఆ పిల్ల పొద్దు ఆమె చేతిలో ఉండదు. ట్యాంకర్ వచ్చినప్పుడు నీళ్లు పట్టాలి, వంట చూడాలి, పనికెళ్లినవాళ్లకి క్యారియర్ కట్టాలి. ఇంట్లో అధికారం అత్తమ్మది, సైటులో గుంపు మేస్త్రీది. ఈ ఇద్దరి దగ్గర మంచి అనిపించుకోకుండా షెడ్లలో అడుగుపెట్టి లాభం లేదు.

అత్తమ్మ అంటే ముసలమ్మ అనుకోకండి, చాలాసార్లు ఆమెకి ముప్పై అయిదు కూడా ఉండవు. 'నేను పదిహేనేళ్లకి కనలేదా, నాకేమయింది?' అంటుంది. ఆ మాటకి ఎదురు వాదించకుండా, 'మీ కాన్పులు ఎట్లా జరిగాయమ్మా, ఎవరు చేశారు?' అని అడగండి. పదింట తొమ్మిదిసార్లు పోయిన బిడ్డ సంగతో, రక్తం ఆగక ఎడ్లబండి మీద తీసుకెళ్లిన సంగతో తనే చెబుతుంది. చెప్పిన తర్వాత ఆమే మీ మనిషి.

వెళ్లే వేళ కూడా చూసుకోండి. ఆదివారం, అంటే కూలి బట్వాడా మర్నాడు, బట్టలుతుక్కుని, కూర వండుకుని కాస్త సేద తీరే సాయంత్రం నాలుగు ప్రాంతం మంచిది. పొద్దున్నే వెళితే మీ మొహం కూడా చూడరు, చూడాల్సిన పనీ లేదు వాళ్లకి.

3. మాటల కంటే ముందు ఒక కాగితం పని చేసిపెట్టండి

నా అనుభవంలో ఈ పనంతా నిలబడేది దీని మీదే. సలహాలిచ్చేవాళ్లు వాళ్లకి కొత్త కాదు, పని పూర్తిచేసి చూపించేవాళ్లే కొత్త. ఏ షెడ్డులోకి వెళ్లినా గోడకి మేకుకి ఒక ప్లాస్టిక్ కవరు వేలాడుతుంటుంది. దాన్ని దించమనండి. అందులో ఆధార్, రేషన్ కార్డు జిరాక్సు, మడతల దగ్గర చిరిగిన స్కానింగ్ రిపోర్టు, ఎప్పుడో ఊళ్లో ఇచ్చిన తల్లీబిడ్డల కార్డు, ఫోను కొన్న రసీదు అన్నీ కలిసి ఉంటాయి. ఆ పిల్ల పక్కన చాప మీద కూర్చుని ఒక్కొక్కటీ తీసి ఏది దేనికో చెప్పండి. చదువురాని అత్తమ్మ కూడా వచ్చి కూర్చుంటుంది.

కర్ణాటకలో కడుపుతో ఉన్నవాళ్లకి తాయి కార్డు ఇస్తారు. దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో, ఆశా ద్వారానో అడగండి, మొదటిసారి మీరే వెంట వెళ్లండి. ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకి ఉచితంగా డాక్టరు పరీక్ష ఉంటుంది, చిన్న వయసు తల్లిని ఆ రోజు తప్పకుండా చూపించాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, ఆపరేషన్ అయినా సరే, మందులు, పరీక్షలు, తిండి, రానుపోను బండి ఉచితమని 2011 నుంచి జననీ శిశు సురక్ష పథకం ఉంది. వాణీ విలాస్ లాంటి పెద్దాసుపత్రికి పంపినా అంతే. 'చేతిలో పెట్టండి' అని ఎవరైనా అడిగితే ఆ మాట గట్టిగా గుర్తుచేయడానికి మీలో ఒకరు పక్కన ఉండాలి, ఒంటరి పిల్లని చూస్తేనే అడుగుతారు.

గర్భిణులకి కేంద్రం ఇచ్చే మాతృవందన డబ్బు మాత్రం మైనరుకి రాదు, లేనిపోని ఆశ పెట్టకండి. ఊరి రేషన్ కార్డు ఆహార భద్రత కోటాలోదైతే ఇక్కడి రేషన్ షాపులో వేలిముద్రతో బియ్యం తీసుకోవచ్చు, ఈ సంగతి తెలియక చాలామంది కొనుక్కు తింటున్నారు. అంగన్వాడీలో పేరు ఊళ్లో ఉంటే పోషణ్ ట్రాకర్ అనే అంగన్వాడీ యాప్‌లో ఇక్కడికి మార్పించుకోవచ్చు.

4. మాత్రలు ఎందుకు మింగట్లేదో కనుక్కోండి

ఐరన్ మాత్రలు ఇచ్చారా అంటే ఇచ్చారంటారు. మింగుతున్నావా పాపా అంటే తలూపుతుంది. కవరులో చూస్తే షీట్లు చెక్కు చెదరకుండా ఉంటాయి. మింగితే దొడ్డికి నల్లగా వస్తుందనో, బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందనో మానేసి ఉంటారు. నల్లగా రావడం మామూలే అని ముందే చెప్పండి. టీతో వద్దు, అన్నం తిన్నాక ఒక నిమ్మకాయ నీళ్లతో వేసుకోమనండి. కడుపుతో ఉండగా ఆరు నెలలు, కాన్పయ్యాక ఇంకో ఆరు నెలలు వేసుకోవాలి. హిమోగ్లోబిన్ పదకొండు కంటే తక్కువుంటే రక్తం తక్కువన్నట్టు, ఏడు కంటే దిగితే ఆగకుండా ఆసుపత్రికే.

విపరీతమైన తలనొప్పి, కళ్లు మసకలు, ముఖం చేతులు ఉబ్బడం, ఫిట్స్, రక్తం పోవడం, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలకపోవడం కనిపిస్తే మేస్త్రీ పర్మిషన్ కోసం చూడకుండా 108కి ఫోన్ చేయాలి. షెడ్లకి అడ్రసు ఉండదు కాబట్టి దగ్గరి గేటు, గుడి, ప్రాజెక్టు పేరు కన్నడలో ఎలా చెప్పాలో ఇంట్లో ఇద్దరికి నేర్పించండి. ఇది ఒకసారి ఉత్తుత్తిగా చేయించి చూడండి, నవ్వుతూ చేస్తారు గానీ గుర్తుంటుంది.

5. ఉపన్యాసం వద్దు, కథ చెప్పి 'ఎందుకు?' అని అడగండి

జార్ఖండ్, ఒడిశా పల్లెల్లో ఏక్‌జుట్ అనే సంస్థ నెలకోసారి ఆడవాళ్లని కూర్చోబెట్టి బొమ్మల కార్డులు, కథలతో మాట్లాడించింది. ఆ గుంపులున్న ఊళ్లలో మూడేళ్లలో నెలలోపు పసికందుల మరణాలు 32 శాతం తక్కువగా నమోదయ్యాయని 2010లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. డాక్టర్లని పెంచి కాదు, వాళ్లలో వాళ్లు మాట్లాడుకుని పరిష్కారం వెతుక్కోబట్టి.

ఇది షెడ్లలో బాగా కుదురుతుంది. పదిమంది చాలు, అత్తమ్మలు కూడా ఉండాలి. 'ఒక పిల్లకి ఏడో నెలలో చేతులు వాచాయి, చివరికి ఫిట్స్ వచ్చాయి' అని కథ మొదలుపెట్టండి. ఆసుపత్రికి ఎందుకు పోలేదు? డబ్బుల్లేక. ఎందుకు లేవు? మేస్త్రీ అడ్వాన్సులో కోసుకున్నాడు. ఇలా నాలుగైదు 'ఎందుకు'ల తర్వాత తలా యాభై వేసి డబ్బాలో పెడదామని వాళ్లే అంటారు. ముర్రుపాలు పిండి పారబోయడం, బాలింతకి నీళ్లు తక్కువివ్వడం లాంటివి కూడా కథలోనే రానివ్వండి. ఎవరి పద్ధతినీ మొహం మీద మూఢనమ్మకం అనకండి.

ఈ కూటమికి 'టీనేజ్ తల్లుల' అని పేరు పెట్టొద్దు. బోర్డు చూసి ఎవరూ రారు.

6. అబ్బాయిని వదిలేయకండి

అతనూ పంతొమ్మిది ఇరవై ఏళ్లవాడే, సెంట్రింగ్ పనిలోనో డెలివరీ బండి మీదో ఉంటాడు, అతన్ని ఎవరూ ఏమీ అడగరు, కేసు భయం కూడా అతనికే ఎక్కువ. అందుకే మీ గుంపులో మగాయన ఉండాలన్నాను. టీ కొట్టు దగ్గర కలిసి రెండు మూడు పనులు అప్పగించండి: 108కి ఫోన్ చేయడం, కార్డు కవరు భద్రం చేయడం, రాత్రి ఒక గంట బిడ్డని ఎత్తుకోవడం. పద్దెనిమిది దాటి, ఏడాదిలో తొంభై రోజులు కట్టడం పని చేసినవాడైతే భవన నిర్మాణ కార్మికుల బోర్డులో పేరు రాయించవచ్చు. దానికి కూడా వెంట ఉండండి.

7. కాన్పు తర్వాతే అసలు పని

పురుడయ్యాక అందరి చూపూ బిడ్డ మీదికి పోతుంది. తల్లి రెండు వారాలు దాటినా ఏడుస్తూనే ఉందా, బిడ్డ వైపు చూడట్లేదా, నిద్ర పట్టట్లేదా? గాలి సోకిందని తాయెత్తు కట్టించినా కట్టించుకోనివ్వండి, దాంతోపాటు 14416కి ఫోన్ కలపండి. అది టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను, తెలుగులో మాట్లాడొచ్చు. చనిపోవాలని ఉందన్న మాట వస్తే ఆ రాత్రి ఆమెని ఒంటరిగా వదలకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మళ్లీ నెల తప్పడం ఈ వయసులో చాలా తొందరగా జరుగుతుంది. రెండేళ్లన్నా ఎడం ఉండాలి. గర్భం రాకుండా ప్రభుత్వ ఆసుపత్రిలో మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్, ఛాయ మాత్ర, కాపర్ టీ ఉచితం. కాపర్ టీ కాన్పయిన రెండు రోజుల్లోపే వేయించుకోవచ్చు, కాబట్టి ఈ మాట తొమ్మిదో నెలలోనే ఎత్తాలి. ఏది వేయించుకోవాలో నిర్ణయం ఆ పిల్లది.

చదువు సంగతి మూడు నాలుగు నెలలు ఆగి అడగండి. జాతీయ ఓపెన్ స్కూల్ పదో తరగతి తెలుగు మీడియంలో రాయొచ్చు, చేరాక అయిదేళ్ల గడువుంటుంది. బిడ్డ పక్కన పడుకున్నప్పుడు చదువుకోవచ్చన్నమాట.

8. ఇవి చేయొద్దు

పాలడబ్బాలు పంచకండి. పసిపిల్లల పాలపొడి మీద ఉన్న 1992 చట్టం ప్రకారం అనాథాశ్రమాలకి తప్ప ఇంకెవరికీ వాటిని దానం చేయకూడదు, పైగా డబ్బా అలవాటైతే తల్లి పాలు తగ్గిపోతాయి. ఫోటోలు తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండి. పద్దెనిమిది లోపు పిల్ల ఎవరో తెలిసేలా పెట్టడం పోక్సో కింద నేరం కూడా. చిరిగిన పాత బట్టల మూటలు తెచ్చి పడేయకండి, వాళ్లకీ రోషం ఉంటుంది.

9. ఊరికి వెళ్లినా, సైటు మారినా

ఏడో నెల రాగానే తొలికాన్పుకి పుట్టింటికి పంపుతారు, అక్కడితో మీ చేయి దాటిపోతుంది. వెళ్లేముందు తాయి కార్డు, స్కానింగ్ రిపోర్టులు ఫోటో తీసి భార్యాభర్తలిద్దరి ఫోన్లలో పెట్టండి, ఆ ఊరి ఏఎన్ఎం (ఆరోగ్య కార్యకర్త) నంబరు తీసుకుని మీరే ఒకసారి మాట్లాడండి. ఆంధ్రలో కాన్పయ్యాక తల్లీబిడ్డల్ని ఇంటికి దింపడానికి 102 బండి ఉంది. పుట్టిన ఇరవై ఒక్క రోజుల్లోపు జనన నమోదు ఉచితం. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టినవాళ్లకి పుట్టిన తేదీ రుజువు జనన ధ్రువపత్రమే, కాబట్టి ఆ కాగితం లేకుండా ఆసుపత్రి వదలొద్దని ముందే చెప్పండి. టీకాలు యూ-విన్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ టీకాల రికార్డులో ఎక్కించమని అడిగితే తిరిగి బెంగళూరు వచ్చాక ఏది వేశారో వెతుక్కోనక్కర్లేదు. ఆరు వారాల టీకా రోజున మీరే ఫోన్ చేయండి, వాళ్లు చేస్తారని చూడకండి.