మిట్టమధ్యాహ్నం సోలార్ ఇన్వర్టర్ ఆగిపోతోందా?

మేడ మీద సోలార్ పెట్టించుకున్నవాళ్లు ఒకసారి ఇన్వర్టర్ యాప్‌లో నిన్నటి గ్రాఫ్ తెరిచి చూడండి. ఎండ దంచికొడుతున్న వేళలోనే గీత సున్నాకు పడి, కాసేపటికి మళ్లీ లేస్తోందా? ఎర్రర్ లిస్టులో 'గ్రిడ్ ఓవర్ వోల్టేజ్' అని ఉంటే ప్యానెళ్లను అనుమానించక్కర్లేదు. మన సప్లై 230 వోల్టులు. దానికి పది శాతం మించితే, అంటే 253 దాటితే, ఇన్వర్టర్ లైన్ నుంచి విడిపోవాలని నిబంధన. వీధిలో నాలుగైదు ఇళ్లకు సోలార్ ఉండి, పగటి వాడకం తక్కువైతే, మిగులు కరెంటు లైన్‌లోకి ఎక్కి వోల్టేజి అక్కడిదాకా పోవచ్చు. ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా, లైన్ చివర ఉన్న ఇంటికి ఈ బాధ మరీ ఎక్కువ.

కంప్లైంట్ పెట్టే ముందు ఎలక్ట్రీషియన్‌తో మధ్యాహ్నం పూట ఇన్వర్టర్ దగ్గర, కింద మీటర్ దగ్గర ఒకేసారి కొలిపించండి. పైన 255, కింద 247 వచ్చిందనుకోండి, ఆ ఎనిమిది వోల్టులూ మీ వైరువే. సన్న వైరు మూడంతస్తులు దిగితే అంతే మరి! మందం వైరు వేయించి, టెర్మినళ్లు బిగిస్తే చాలావరకు సర్దుకుంటుంది.

మీటర్ దగ్గరే ఎక్కువుంటే కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేయండి. రాత్రి వోల్టేజి రీడింగ్ కూడా రాసిపెట్టుకుని చెప్పండి. ట్రాన్స్‌ఫార్మర్‌కు ట్యాప్ (వోల్టేజి సర్దే మీట) ఉంటే తగ్గించడమా, ఫేజుల మధ్య లోడ్ సర్దడమా అన్నది వాళ్లు తేలుస్తారు. ఈలోగా నీళ్ల మోటారు, వాషింగ్ మెషిన్ మధ్యాహ్నానికి మార్చుకోండి. సెట్టింగుల్లో లిమిట్ పెంచేస్తానని ఎవరైనా అంటే మాత్రం వద్దనండి, మీ ఫ్రిజ్, టీవీ కూడా ఆ వోల్టేజి మీదే నడవాలి.