తుఫాన్లు మొదలవ్వకముందే ఇంట్లో పెట్రోల్ చైన్ సా ఉన్నోళ్లు చూసుకోవాల్సినవి

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, సోంపేట దగ్గర పల్లె. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా వైపు కొబ్బరి, జీడి, పనస ఎలా పడిపోయాయో చూసినవాళ్లు మర్చిపోలేరు. ఆ తర్వాతే మా ఊళ్లో చాలామంది చిన్న పెట్రోల్ చైన్ సాలు, అంటే చెట్లు కోసే రంపం మిషన్లు కొన్నారు, మేమూ కొన్నాం. కొనడం మంచిదే, కానీ ఏడాదిలో పదకొండు నెలలు అది గోనెసంచిలో చుట్టి అటక మీద ఉంటుంది, గాలి కొట్టిన మర్నాడు పొద్దున్నే దించి తాడు లాగుతారు, అక్కడే మొదలవుతుంది అసలు ఇబ్బంది.

మాకు ఒకసారి సరిగ్గా అదే జరిగింది. గాలివానకి మా వీధి మొగలో పనస చెట్టు రోడ్డుకి అడ్డంగా పడింది. మిషన్ దించి తాడు లాగితే స్టార్ట్ అవ్వదు, భుజం పడిపోయేదాకా లాగాను. మా వీధిలో డయాలసిస్‌కి వెళ్లే పెద్దాయన ఒకాయన ఉన్నారు, ఆ రోజు ఆయన వంతు. ఆటో ఇటు రాలేదు, చివరికి నలుగురం ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి కొమ్మల మీంచి ఎత్తి అవతల దించాం. తర్వాత మెకానిక్ కార్బురేటర్ విప్పి చూపించాడు, లోపలి పల్చటి రబ్బరు పొర అప్పడంలా బిగుసుకుపోయి ఉంది, దాని పక్కన పెట్రోల్ ఎండి పసుపు రంగు జిగురు కట్టింది. కిందటి ఏడాది వాడాక ట్యాంకులో మిగిలిన పెట్రోల్ నేనే పారబొయ్యలేదు. అందుకే ఇదంతా సెప్టెంబర్లోనే చూసుకోమని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతున్నాను.

ముందు పెట్రోల్ సంగతి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది గాల్లో తేమని పీల్చుకుంటుంది, మన సముద్రం గాలికి ఇంకా త్వరగా. నిలవ ఉంటే నీళ్లు అడుక్కి దిగిపోతాయి, పైపులూ రబ్బరూ పాడవుతాయి. కాబట్టి నెల దాటిన పెట్రోల్ ఈ మిషన్లో పొయ్యకండి. పని అయిపోగానే ట్యాంకు ఖాళీ చేసి, మళ్లీ స్టార్ట్ చేసి దానంతట అదే ఆగిపోయేదాకా వదిలెయ్యండి, అప్పుడు కార్బురేటర్‌లో కూడా ఏమీ మిగలదు. ఇది టూ స్ట్రోక్ ఇంజన్, ఉత్త పెట్రోల్ పోస్తే పిస్టన్ పట్టేస్తుంది, 2టి ఆయిల్ కలపాల్సిందే. ఎంత అనేది మిషన్ పుస్తకంలో ఉంటుంది, కొన్నిటికి మూత మీదే రాసుంటుంది: 50:1 అంటే లీటర్‌కి 20 మిల్లీ, 25:1 అంటే 40 మిల్లీ. పక్కింటివాడు ఎంత పోస్తాడో చూసి పొయ్యకండి, మిషన్ మిషన్‌కీ తేడా ఉంటుంది. ట్యాంకులో కాదు, విడిగా డబ్బాలో కలిపి బాగా ఊపి పొయ్యండి. తుఫాను హెచ్చరిక రాగానే ఒకటి రెండు లీటర్లు తెచ్చుకుంటే చాలు, కరెంటు లేక బంకు ఆగినా ఇబ్బంది ఉండదు. అంతకు మించి ఇంట్లో పెట్రోల్ ఉంచొద్దు, ఉంచింది కూడా వంటింటికి దూరంగా.

చైన్‌కి వేరే ఆయిల్, వేరే ట్యాంకు. చాలామంది బండిలోంచి తీసిన నల్లటి వేస్ట్ ఆయిల్ పోసేస్తారు. అందులో ఇనప రజను ఉంటుంది, ఆయిల్ పంపు పాడవుతుంది, అది తుంపరలుగా మన ఒంటి మీద పడుతుంది, చర్మానికి మంచిది కాదు. ఆయిల్ వస్తుందో లేదో తెలుసుకోవాలంటే ఖాళీ సిమెంట్ బస్తా లోపలి వైపు పైకి వచ్చేలా నేల మీద పరిచి, బార్ (చైన్ చుట్టూ తిరిగే పొడవాటి ఇనప పలక) కొనని ఓ జానెడు పైన పట్టుకుని రేస్ ఇవ్వండి. బస్తా మీద సన్నటి నూనె చార పడాలి. పడకపోతే బార్ విప్పి చూడండి, గాడిలోనూ నూనె వచ్చే చిన్న కన్నంలోనూ పొట్టూ నూనే కలిసి ముద్దలా ఇరుక్కుని ఉంటుంది, సన్నటి పుల్లతో గీకితే వచ్చేస్తుంది. బార్‌ని తిరగేసి బిగించండి, రెండు అంచులూ సమంగా అరుగుతాయి.

చైన్ బిగుతు ఇంజన్ ఆపి, చైన్ చల్లగా ఉన్నప్పుడే చూడాలి. కింద వేలాడకూడదు, గ్లవ్స్ వేసుకుని చేత్తో లాగితే సులువుగా తిరగాలి. పనిలో వేడెక్కి సాగితే మళ్లీ బిగిస్తాం కదా, పని అయ్యాక కొంచెం వదులు చెయ్యడం మర్చిపోకండి, చల్లారి ముడుచుకుంటే లోపలి బేరింగుల మీద లోడు పడుతుంది.

పదును గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే మాది ఇసక నేల. పడిన కొబ్బరి మాను బెరడులో ఇసక కూరుకుని ఉంటుంది, బార్ కొన ఒక్క సెకను నేలకి తగిలినా పళ్లు మొండి అయిపోతాయి. కోస్తుంటే పెచ్చులు పెచ్చులుగా పొట్టు రావాలి, పిండిలా సన్నగా వస్తుందంటే పదును పోయిందన్నమాట. అప్పుడు బలంగా నొక్కి కొయ్యకండి, ఆపి ఆకురాయి తియ్యండి. మన చిన్న మిషన్లలో ఎక్కువగా రెండు రకాల చైన్లు ఉంటాయి, ‘3/8 లో-ప్రొఫైల్’ (Low Profile) చైన్‌కి 4 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి, 0.325 చైన్‌కి 4.8 మిల్లీమీటర్లది. మీది ఏదో బార్ మీదే చెక్కి ఉంటుంది, ఫోటో తీసుకుని షాపుకి వెళ్లండి. పంటి మీద సుమారు 30 డిగ్రీల వాలులో, లోపల్నించి బయటికి ఒకే దిక్కుగా తోయండి, వెనక్కి రుద్దొద్దు. ఒక్కో పంటికి ఎన్ని సార్లు తోశారో లెక్క పెట్టుకోండి, ఎడమ పళ్లు కుడి పళ్లు సమంగా లేకపోతే కోత ఒక పక్కకి వంకర పోతుంది. కొబ్బరి పీచు కవర్ లోపల స్ప్రాకెట్‌కి, అంటే చైన్‌ని తిప్పే పళ్ల చక్రానికి బాగా చుట్టుకుంటుంది, ప్రతి ట్యాంకు పెట్రోల్ అయ్యాక మిషన్ ఆపి అది తీసెయ్యండి. ఇంకో కొత్త చైన్ కొని పక్కన పెట్టుకోండి, తుఫాను మర్నాడు షాపులు ఉండవు.

ఎయిర్ ఫిల్టర్ దులపడం, ప్లగ్ మసి తుడవడం అయిదు నిమిషాల పని.

చైన్ బ్రేక్ మాత్రం తప్పకుండా టెస్ట్ చెయ్యండి. మిషన్ రెండు చేతులతో పట్టుకుని రేస్ ఇచ్చి ఎడమ మణికట్టుతో ముందున్న అడ్డుని తొయ్యండి, చైన్ టక్కున ఆగాలి. రేస్ వదిలేశాక కూడా చైన్ మెల్లగా తిరుగుతుంటే ఐడిల్ తగ్గించాలి, తగ్గించినా తిరుగుతుంటే మెకానిక్ చూసేదాకా వాడొద్దు. బార్ కొన పైభాగం దేనికైనా తగిలితే మిషన్ ఒక్కసారిగా పైకి, మన మొహం మీదికి లేస్తుంది, ఆపే టైం మనకి ఉండదు. అందుకే ఆ బ్రేక్, అందుకే ఎడమ బొటనవేలు హ్యాండిల్ చుట్టూ బిగించి పట్టుకోవడం, అందుకే భుజం ఎత్తు దాటి కొయ్యకపోవడం, నిచ్చెన మీద అసలు వద్దు. స్టార్ట్ చేసేటప్పుడు కూడా గాల్లో ఊపుతూ తాడు లాగకండి. నేల మీద పెట్టి, బ్రేక్ వేసి, వెనక హ్యాండిల్లో కుడి కాలి బూటు పెట్టి లాగండి. పెట్రోల్ పోసిన చోటు నుంచి పది అడుగులు పక్కకి వచ్చాకే స్టార్ట్ చెయ్యండి, వేడి ఇంజన్లో పొయ్యకండి.

లుంగీ, మెడలో తువ్వాలు, చెప్పులు వద్దు. బూట్లు, కళ్లద్దాలు, చెవులకి మఫ్స్, హెల్మెట్ ఉండాలి. చైన్ తగిలితే లోపలి పోగులు చుట్టుకుని దాన్ని ఆపేసే ప్యాంట్లు దొరుకుతాయి, ఖరీదు ఎక్కువే, కానీ కాలి కంటే ఎక్కువ కాదు, ఏటా వాడేవాళ్లు కొనుక్కోండి.

ఇక మిషన్ ఎంత బాగున్నా పడిన చెట్టు దగ్గర అసలు ప్రమాదం వేరే ఉంది. కొమ్మల్లో కరెంటు తీగ ఉందా అని ముందు చూడండి. లైన్‌లో కరెంటు లేదు కదా అనుకోవద్దు, ఎవరింట్లోనో జనరేటర్ తప్పుగా కలిపి ఉంటే తీగలోకి వెనక్కి వస్తుంది. తీగ కనిపిస్తే దూరంగా ఉండి 1912కి ఫోన్ చెయ్యండి, లైన్‌మ్యాన్ వచ్చి చెప్పేదాకా ఆగండి.

తర్వాత కొమ్మ ఎటు వంగి ఉందో చూడాలి. వంగిన కొమ్మ విల్లు లాంటిది. మా తోటలో జీడి కొమ్మ ఒకటి మాను కింద ఇరుక్కుని వంగి ఉంటే మా బావమరిది ఉబ్బిన వైపు నుంచి ఒకేసారి కోసేశాడు, అది లేచి కొట్టిన దెబ్బకి తల మీది హెల్మెట్ ఎగిరి కొబ్బరి పాదులో పడింది, దాని మీద గీత ఇప్పటికీ ఉంది. హెల్మెట్ లేకపోతే ఏమయ్యేదో మా చెల్లి ముందు మేమెవరం మాట్లాడుకోం. నొక్కుకుపోయిన లోపలి వైపు ముందు కొంచెం కొయ్యాలి, తర్వాత సాగిన వైపు నుంచి మెల్లగా, మనం కొమ్మ లేచే దారిలో కాకుండా పక్కన నిలబడి. మాను రెండు చివర్లా ఆనుకుని మధ్యలో ఖాళీగా ఉంటే పైనుంచి మూడో వంతు కోసి మిగతాది కింద నుంచి. ఒక చివర గాల్లో ఉంటే ముందు కింద నుంచి మూడో వంతు, తర్వాత పైనుంచి. ఇది తిరగబడితే బార్ ఇరుక్కుంటుంది, లేదా మాను చీలి మీదకి వస్తుంది.

వేళ్లతో సహా లేచిన చెట్టుకి ఇంకో భయం ఉంది. మాను కొయ్యగానే బరువు పోయి ఆ వేళ్ల గోడ మళ్లీ గుంటలోకి పడిపోవచ్చు. పిల్లలు ఆ గుంటలో దిగి ఆడుతుంటారు, కోసే ముందు గుంటలోకి వంగి చూసి, అందర్నీ బయటికి పంపి, ఒక మనిషిని అక్కడే కాపలా పెట్టండి. వేరే చెట్టు మీద ఆనుకుని వేలాడుతున్న చెట్టు చైన్ సాతో తెమిలే పని కాదు, ట్రాక్టర్‌కి తాడు కట్టి లాగాల్సిందే. ఒంటరిగా కొయ్యకండి, చేతులు తిమ్మిరెక్కితే ఆపండి. నిలబడి ఉన్న చెట్టయితే వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద పర్మిషన్ కావాలేమో ముందే కనుక్కోండి.

మా మిషన్ ఇప్పుడు వరండాలో ఖాళీ ట్యాంకుతో ఉంది, పక్కన కొత్త చైన్, ఆకురాయి. ఈ ఆదివారం పొద్దున పదును పెడుతున్నాను, వెనక వీధి వాళ్లు కూడా వాళ్లవి రెండు తెస్తామన్నారు, సిమెంట్ బస్తా పరిచి మూడూ ఒకేసారి చూసేస్తాం.