డిస్కస్ ట్యాంకుకి లైటు ఎప్పుడెయ్యాలి, ఎప్పుడార్పాలి: కడప కరెంటుతో సెట్ చేసుకునే పద్ధతి

డిస్కస్ చేపల్ని పెంచాలనుకునేవాళ్ళు మొదట అడిగేది ఏ లైటు కొనాల, ఎన్ని వాట్లు అని. అది తర్వాత చూసుకోవచ్చప్పా. ఈ చేపకి వెలుతురు ఎంత అనేదానికంటే అది ఎట్ల వస్తాది, ఎట్ల పోతాది అనేదే ముఖ్యం. వేలు పోసి ఖరీదైన లైటు తెచ్చినా సరే, చీకట్లో టక్కుమని స్విచ్చేస్తే బెదిరిపోయి అద్దానికి గుద్దుకుంటాయి, అదే మామూలు ఎల్ఈడీ పట్టీ అయినా రోజూ ఒకే టైముకి మెల్లగా వెలుగుతాంటే మనం దగ్గరికి పోతానే ముందుకొచ్చి మేత కోసం చూస్తాంటాయి.

వీటి సొంతూరు అమెజాన్ నది, దాని ఉపనదులు. ఆడ ఇవి ఎండ పడే నడి నీళ్ళలో తిరగవు, ఒడ్డున నీళ్ళలోకి ఒరిగిపోయిన చెట్ల కొమ్మల సందుల్లో గుంపుగా ఉంటాయి, పైన అడవి నీడ, రియో నీగ్రో లాంటి చోట్ల అయితే నీళ్ళే టీ డికాక్షన్ రంగులో ఉంటాయి. భూమధ్యరేఖకి దగ్గర కాబట్టి ఏడాది పొడుగునా పగలు దగ్గర దగ్గర 12 గంటలు, తెల్లారడం పొద్దుగూకడం రెండూ ఒక తీరుగా జరిగిపోతాయి. పైగా వీటికి కనురెప్పలు లేవు. మనం నిద్రలో ఉన్నప్పుడు ఎవరైనా లైటేస్తే కళ్ళు మూసుకుంటాం, అది ఏం మూసుకుంటాది పాపం.

పెద్ద చేపలకి ట్యాంకు లైటు రోజుకి 8 నుంచి 10 గంటలు చాలు. అడవిలో పగలు 12 గంటలు కదా అని ఈడ కూడా 12 గంటలు వెలిగిస్తే అద్దాలకి పాచి పడతాది, దాన్ని గీకడానికి రోజూ చెయ్యి పెడితే చేపలు మళ్ళీ బెదురుతాయి. పిల్ల చేపలకి రోజుకి నాలుగైదు సార్లు మేత వెయ్యాల కాబట్టి వాటి ట్యాంకుకి రోంత ఎక్కువ గంటలు పెట్టుకోవచ్చు, ఆడ ఎట్లాగూ ఇసక, చెట్లు ఉండవు, తుడిచేస్తే సరిపోతాది.

ఉద్యోగం చేసుకునే ఇంట్లో సరిపోయే టైమింగ్ ఇది. పొద్దున 7 ఆ ప్రాంతంలో కర్టెన్ తీసెయ్యండి, గదిలోకి వెలుతురు రావాలే కానీ ఎండపొడ నేరుగా ట్యాంకు మీద పడకూడదు. ఈ వెలుతురులోనే పొద్దుటి మేత వేసి ఆఫీసుకి పోవచ్చు, దానికి ట్యాంకు లైటు అక్కర్లేదు. మధ్యాహ్నం 12:30కి లైటు బాగా తక్కువలో మొదలై, ఒక గంటలో మెల్లగా సగానికో, సగం దాటి రోంత పైకో రావాల, అంతే, నూటికి నూరు ఎప్పుడూ పెట్టొద్దు. సాయంత్రం మనం ఇంటికొచ్చినాక చూసుకోవచ్చు, ఆఖరి మేత 8 లోపల అయిపోవాల. 9కి తగ్గడం మొదలై 9:30కి ఆరిపోవాల, కానీ హాల్లో ట్యూబ్‌లైటు ఇంకో అరగంట వెలుగుతానే ఉండాల. పొద్దున గది ముందు ట్యాంకు తర్వాత, రాత్రి ట్యాంకు ముందు గది తర్వాత. వేరేవి మర్చిపోయినా ఈ వరుస మర్చిపోవద్దు.

గది చీకటిగా పెట్టి ట్యాంకు ఒక్కటే వెలిగిస్తే ఫోటోకి బో అందంగా ఉంటాది, నిజమే. కానీ బయట చీకటి లోపల వెలుతురు అయితే అద్దం లోపలి వైపు చేపకి దాని బొమ్మే కనపడతాది, గుంపులో పెద్దది ఆ బొమ్మ మీదికి ఎగబడతాది, భయస్తులు మూలకి పోతాయి. ట్యాంకు లైటు ఉన్నంతసేపు గదిలో కూడా ఎంతో కొంత వెలుతురు ఉంచండి.

లైటుకి వెలుతురు తగ్గించి పెంచే డిమ్మర్ లేదంటే దానికోసం కొత్తది కొనక్కర్లా. రెండు చిన్న పట్టీలు తీసుకుని ఒకటి వెనక అద్దం వైపు, ఒకటి ముందు వైపు పెట్టి, రెండిటికీ వేరే వేరే టైమర్లు తగిలించి అరగంట తేడాతో వెలిగేట్టు చేసుకోండి. వెనకది మొదట వెలగాల, చివర ఆరాల.

ఇంక టైమర్, మనూళ్ళో అసలు తిప్పలంతా దీనితోనే. ఏడు రోడ్ల దగ్గర ఏ ఎలక్ట్రికల్ షాపులో అడిగినా ముందు చూపించేది గుండ్రంగా తిరిగే డయల్ టైమర్. దాని చుట్టూ చిన్న చిన్న ప్లాస్టిక్ పళ్ళుంటాయి, ఒక్కో పన్ను 15 నిమిషాలు, మొత్తం 96, చాలా మోడళ్ళలో కిందికి నొక్కిన పళ్ళు ఉన్నంతసేపు లైటు వెలుగుతాది. చౌక, గట్టిది, చెడిపోదు. కానీ అది కరెంటుతోనే తిరుగుతాది, కరెంటు పోతే ఆడికాడికే ఆగిపోతాది. మధ్యాహ్నం రెండు గంటలు కోత పడిందనుకోండి, రాత్రి 9:30కి ఆరాల్సిన లైటు 11:30కి ఆరతాది, అప్పటికి హాల్లో అందరూ పడుకుని ఉంటారు, గది చీకటి, చేపలకి ఒక్కసారిగా కళ్ళు పోయినట్టు అవుతాది. అట్ల నాలుగైదు కోతలు కలిస్తే టైమింగ్ మొత్తం గందరగోళమే. అందుకని ఆ డయల్ టైమర్‌ని ఇన్వర్టర్ లైన్ ఉన్న సాకెట్‌లో పెట్టండి, లేదంటే లోపల బ్యాటరీ ఉండే డిజిటల్ టైమర్ తీసుకోండి, కరెంటు పోయినా దాని గడియారం నడుస్తానే ఉంటాది.

స్మార్ట్ ప్లగ్ వాడేవాళ్ళు ఇంకోటి చూసుకోవాల. కరెంటు పోయి వచ్చినాక ప్లగ్ ఏ స్థితిలో ఉండాలనేది చాలావాటికి సెట్టింగ్‌లో ఉంటాది, అది ఆఫ్‌లో పెట్టండి. రిమోట్ లైట్లు కొన్ని కరెంటు రాగానే ఫుల్ వెలుతురుతో లేస్తాయి, అర్ధరాత్రి రెండు గంటలకి కరెంటొచ్చి ట్యాంకు భగ్గుమంటే పొద్దున చూసేసరికి ఏదో ఒక చేప ముక్కు గీసుకుపోయి ఉంటాది. కొన్న రోజే ప్లగ్ పీకి మళ్ళీ పెట్టి ఏమవుతాదో చూడండి, చేపలున్న ట్యాంకు మీద కాదు, బయట.

రాత్రి కోత పడినప్పుడు ట్యాంకు మీదికి సెల్లు టార్చి కొట్టొద్దు, పైకప్పు వైపు కొట్టండి, ఆ పరావర్తనం చాలు. ఇన్వర్టర్ మీద లైటు లేకపోయినా పర్లేదు కానీ ఎయిర్ పంపు, ఫిల్టర్ ఉండి తీరాల, ఎందుకంటే చీకట్లో డిస్కస్ ఎన్ని గంటలైనా ఉంటాది, గాలి లేకుండా ఉండలేదు.

ఎండాకాలం లెక్క వేరే. డిస్కస్‌కి 28 నుంచి 30 డిగ్రీల నీళ్ళు కావాల, మనకి రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండకి హీటర్ లేకుండానే నీళ్ళు ఆ పైకి పోతాయి, వేడి నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తాది. ఎల్ఈడీ వేడి తక్కువే కానీ మూసిన మూత కింద పెడితే ఆ వేడి ఆడే తిరుగుతాంటాది. లైటుని నీటి మట్టం మీద నుంచి రోంత ఎత్తుకి లేపండి, మూత బదులు వల వెయ్యండి, బెదిరితే ఎగిరే చేపలివి కాబట్టి అసలు తెరిచి పెట్టొద్దు. మే నెలలో లైటు మొదలయ్యే టైము 12:30 నుంచి 2కి జరుపుకోవచ్చు, కానీ ఒకేసారి కాదు, రోజుకి పావుగంట చొప్పున.

లైటు రంగు గురించి పెద్దగా చెప్పేదేం లేదు, 6500 కెల్విన్ తెల్లది అయితే చెట్లకీ పనికొస్తాది, రోంత ఎరుపు కలిసిన లైటులో ఎర్ర చేపలు బాగా కనపడతాయి, అది మన కళ్ళ కోసం. రంగులు మారే మోడ్, మెరుపుల మోడ్ మాత్రం ముట్టుకోవద్దు. నీలం మూన్‌లైటు రాత్రంతా పెట్టేవాళ్ళుంటారు, నాకు అది నచ్చదు, పెద్ద లైటు ఆరినాక అరగంట చాలు, తర్వాత పూర్తి చీకటి కావాల. గుడ్లు పెట్టిన జంట ఉంటే ఆ ట్యాంకు దగ్గర రాత్రి సన్నటి బల్బు ఉంచుతారు, పిల్లలు తల్లిదండ్రుల ఒంటి మీద జిగురు తిని బతుకుతాయి కదా, చీకట్లో అవి దారి తప్పిపోకుండా.

వెలుతురు ఎక్కువైందనిపిస్తే లైటు తగ్గించడంతో పాటు పైన తేలే మొక్కలు వెయ్యండి, సగం నీడ సగం వెలుతురు అయితే చేపే దానికి కావాల్సిన చోటు చూసుకుంటాది. కేసీ కెనాల్ నుంచి గుర్రపుడెక్క తెచ్చి పడేద్దాం అనుకోవద్దు, దాని వేర్లలో నత్తలు, జలగలు, ఇంకా ఏమేమో వస్తాయి. కింద ఇసక లేని ట్యాంకు అయితే తెల్ల థర్మాకోల్ అడుగు నుంచి కూడా వెలుతురు కొడతాది, మధ్యలో లేత నీలం షీట్ ఒకటి వెయ్యండి. నల్లది వేస్తే పిజియన్ బ్లడ్ అనే డిస్కస్ రకాలకి ఒంటి మీద నల్ల చుక్కలు పెరుగుతాయి.

చెన్నైలో రంగు చేపలమ్మే కొళత్తూరు నుంచి రాత్రంతా డబ్బాలో ప్రయాణం చేసొచ్చిన కొత్త చేపల్ని గది లైటు కూడా తగ్గించి దించండి, మొదటి రోజంతా ట్యాంకు లైటు వద్దు. రెండో రోజు నుంచి నాలుగు గంటలు, అది కూడా సన్నగా, మేతకి ముందుకొస్తాన్నాయంటే రెండు మూడు రోజులకోసారి ఒక గంట పెంచుకుంటా పోండి.

లైటు సరిపోయిందా లేదా అనేది వెలిగిన తర్వాత పది నిమిషాలు కుర్చీ వేసుకుని చూస్తే తెలిసిపోతాది. రెక్కలు విప్పి, ఒంటి మీద నిలువు చారలు లేతబడి, మెల్లగా మధ్యకి వస్తే సరిపోయినట్టే. చారలు నల్లగా తేలి, రెక్కలు ముడుచుకుని, అన్నీ హీటర్ వెనక ఒక మూలకి చేరి మొప్పలు గబగబా ఆడిస్తాంటే వెలుతురు సగానికి తగ్గించి చూడండి. తగ్గించినా మర్నాటికి అట్లే ఉంటే అది లైటు సంగతి కాదు, నీళ్ళలో అమ్మోనియా ఉందేమో టెస్ట్ చెయ్యండి, నీళ్ళు మార్చండి. తెల్లగా దారం లాంటి రెట్ట వేస్తాంటే కడుపులో పురుగు లాంటిది ఉండొచ్చు, అదైతే దానికి మందే. మిథిలీన్ బ్లూ లాంటి మందులు వేసినప్పుడు లైటు ఆర్పెయ్యాల, వెలుతురుకి ఆ మందు విరిగిపోతాది.

తిరుపతికో పెళ్ళికో రెండు రోజులు ఊరికి పోతే టైమర్‌ని అట్లే వదిలేసి పోండి. పెద్ద చేపలు రెండు రోజులు మేత లేకున్నా బాగానే ఉంటాయి, పక్కింటివాళ్ళకి తాళం ఇచ్చినా మేత వెయ్యమని చెప్పొద్దు, ఫిల్టర్ తిరుగుతాందా లేదా అని పగటి పూట ఒకసారి చూసి పొమ్మనండి, రాత్రి వచ్చి లైటేసి చూడొద్దని మాత్రం గట్టిగా చెప్పండి.