పల్లీలని వెతికినా వేరుశనగ చట్నీ దొరకాలంటే: పోస్ట్‌గ్రెస్‌లో పర్యాయపదాల డిక్షనరీ పెట్టడం ఎలా?

తెలుగు వంటకాల డేటాబేస్ ఒకటి నడుపుతున్నారనుకుందాం. అందులో 'వేరుశనగ చట్నీ' ఉంది. హైదరాబాద్ నుంచి వెతికేవాళ్లు 'పల్లీలు' అని కొడతారు. రాయలసీమలో కొందరు 'చెనక్కాయలు' అంటారు, కొందరు 'బుడ్డలు' అంటారు. వీళ్లెవరికీ ఆ చట్నీ కనిపించదు. వంటకం ఉండి కూడా 'ఫలితాలు లేవు' అని చూపించడమంటే మీ ఊరి మాట ఇక్కడ చెల్లదని చెప్పినట్టే. నా ఉద్దేశంలో ఇది చిన్న లోపం కాదు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు దీన్ని ఒక టెక్స్ట్ ఫైలుతో సరిచేసుకోవచ్చు. 2008లో వచ్చిన 8.3 వెర్షన్ నుంచి ఫుల్ టెక్స్ట్ సెర్చ్ (రాతలో ఉన్న మాటలను బట్టి వెతికే ఏర్పాటు) పోస్ట్‌గ్రెస్‌లోనే భాగం. విడిగా ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు.

కమాండ్ల పేర్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. టైప్ చేసేది మాత్రం ఇంగ్లిష్‌లోనే.

లోపల జరిగేది

పోస్ట్‌గ్రెస్ ముందుగా వాక్యాన్ని మాటలుగా విడగొడుతుంది. ప్రతి మాటకూ ఒక రకం అంటగడుతుంది. పూర్తిగా ఇంగ్లిష్ అక్షరాలుంటే 'ఆస్కీవర్డ్', తెలుగు అక్షరాలుంటే 'వర్డ్'. ఆ రకానికి మనం కేటాయించిన డిక్షనరీల వరసలోకి మాట వెళ్తుంది. మొదటి డిక్షనరీ గుర్తుపడితే అది ఇచ్చిన మాటే ఇండెక్సులో (వెతకడానికి సిద్ధం చేసుకునే మాటల పట్టికలో) చేరుతుంది, లేకపోతే తర్వాతి డిక్షనరీకి పోతుంది. వెతికేవాళ్లు టైప్ చేసిన మాటకూ ఇదే దారి. అందుకే రెండు వైపులా 'పల్లీలు' అన్నది 'వేరుశనగ'గా మారితే చాలు, ఒకదానికొకటి దొరికిపోతాయి.

ముందు మాటలు ఏరుకోండి

సెర్చ్ బాక్సులో జనం టైప్ చేసినవన్నీ లాగ్‌లో దాచి, ఫలితం రానివాటిని పైకి తీయండి. నిఘంటువు ముందేసుకుని ఊహించి రాసే జాబితా కంటే ఇది ఎంతో నయం. ఆలుగడ్డ, ఉర్లగడ్డ, బంగాళాదుంప. టమాటా, టమోటా, టొమాటో. మక్కలు, మొక్కజొన్న. ఇలాంటివి గుంపులు గుంపులుగా బయటపడతాయి.

ఇక్కడే కాస్త ఆగి ఆలోచించాలి. 'అనపకాయ' సంగతి చూడండి. కోస్తాలో చాలామందికి ఆనపకాయ, అనపకాయ అంటే సొరకాయే. చిత్తూరు వైపు అనపకాయలంటే చిక్కుడు జాతి గింజలున్న కాయలు. అనపగింజల కూర కోసం వెతికేవాళ్లకు సొరకాయ పులుసు చూపిస్తే ఏం లాభం? ఎక్కడ ఎవరు వాడినా ఒకే అర్థం వచ్చే మాటల్నే ఫైల్లో పెట్టండి. 'అనపకాయ'ను అందులో చేర్చకండి. దాన్ని సెర్చ్ పేజీలో 'మీరు వెతుకుతున్నది సొరకాయా, అనపగింజలా?' అని అడగడం మేలు. ఫైలు నిండా వందల మాటలున్నాయని సంబరపడటం కంటే, ఒక్క తప్పు జత కూడా లేకపోవడం ముఖ్యం.

ఫైలు రాయడం

ఒక్కో వరసలో ఎడమ పక్క జనం వాడే మాట, ఖాళీ వదిలి కుడి పక్క మనం స్థిరపరచుకున్న మాట.

వేరుశనగ వేరుశనగ*
పల్లీలు వేరుశనగ*
పల్లీల వేరుశనగ*
పల్లీలతో వేరుశనగ*
చెనక్కాయలు వేరుశనగ*
బుడ్డలు వేరుశనగ*

చివరి నక్షత్రం గుర్తు తెలుగుకు భలే పనికొస్తుంది. ఇండెక్స్ చేసేటప్పుడు పోస్ట్‌గ్రెస్ దాన్ని పట్టించుకోదు. వెతికేటప్పుడు మాత్రం 'వేరుశనగతో మొదలయ్యేవన్నీ' అని అర్థం చేసుకుంటుంది. వేరుశనగలు, వేరుశనగపప్పు, వేరుశనగలతో అన్నీ దొరుకుతాయి. తమిళానికి 2019లో వచ్చిన 12వ వెర్షన్‌తో స్టెమర్ (మాట చివరి ప్రత్యయాలు తీసేసి మూలరూపం ఇచ్చేది) వచ్చింది కానీ తెలుగుకు అలాంటిది పోస్ట్‌గ్రెస్‌తో రాదు. అందుకే విభక్తుల భారం ఇలా మనమే మోయాలి. మొదటి వరస అనవసరం అనిపించవచ్చు. అది లేకపోతే 'వేరుశనగ' అని వెతికినవాళ్లకు ఈ నక్షత్రం సాయం అందదు. అలాగే 'పల్లీల', 'పల్లీలతో' లాంటి రూపాలను కూడా విడివిడిగా రాయక తప్పదు.

పొట్టి మాటలకు నక్షత్రం పెట్టకండి. 'ఆలు' పక్కన పెడితే ఆలుబుఖారా పచ్చడి కూడా బంగాళాదుంప వంటల్లోకి వచ్చి కూర్చుంటుంది.

ఒక మాట నుంచి ఇంకో మాటకు, అక్కడి నుంచి మూడో మాటకు గొలుసు కట్టినా పనిచేయదు. అన్నీ నేరుగా చివరి మాటకే చూపించాలి. ఎడమ పక్క మాట ఒక్కసారే రావాలి, అదీ విడదీయకుండా ఒకే పదంగా ఉండాలి. 'ఆలు గడ్డ' అని విడగొట్టి రాసేవాళ్ల కోసం 'థిసారస్' అనే వేరే రకం డిక్షనరీ ఉంది.

ఫైలును యూటీఎఫ్-8లో సేవ్ చేసి 'డాట్ ఎస్‌వైఎన్' ఎక్స్‌టెన్షన్ ఇవ్వండి. పేరులో చిన్న ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమే ఉండాలి. దాన్ని సర్వర్‌లో పోస్ట్‌గ్రెస్ షేర్ డైరెక్టరీ కింద ఉన్న 'టీసెర్చ్ డేటా' ఫోల్డర్‌లో పెట్టాలి. ఆ డైరెక్టరీ ఎక్కడుందో 'పీజీ కాన్ఫిగ్' కమాండ్ చెబుతుంది.

డేటాబేస్‌కు చెప్పడం

'క్రియేట్ టెక్స్ట్ సెర్చ్ డిక్షనరీ' కమాండ్‌లో టెంప్లేట్‌గా 'సినానిమ్' అనీ, సినానిమ్స్ అన్నచోట ఎక్స్‌టెన్షన్ లేకుండా ఫైలు పేరూ ఇవ్వండి. తర్వాత, ఏ రకం మాట ఏ డిక్షనరీలకు వెళ్లాలో చెప్పే కాన్ఫిగరేషన్ కావాలి. ముందే ఉండే 'సింపుల్' కాన్ఫిగరేషన్‌ను కాపీ చేసి మీ సొంతది ఒకటి తయారుచేసుకోండి. దానిలో 'ఆల్టర్ మ్యాపింగ్' చేస్తూ ముందు మీ డిక్షనరీ, తర్వాత 'సింపుల్' అనే డిక్షనరీ పెట్టండి. వరస తారుమారైతే సింపుల్ ప్రతి మాటనూ తనే తీసేసుకుంటుంది, మీ ఫైలు దాకా ఏదీ రాదు.

చాలామంది పొరబడేది ఇంకోచోట. ఇంగ్లిష్ ఉదాహరణల్లో మ్యాపింగ్ 'ఆస్కీవర్డ్'కు మాత్రమే ఉంటుంది. దాన్నే కాపీ కొడితే తెలుగు మాటలు మీ డిక్షనరీని తాకవు. 'వర్డ్', 'ఆస్కీవర్డ్' రెండింటికీ ఇవ్వండి. అప్పుడు పల్లీలు అని ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేసేవాళ్ల మాటలు కూడా అదే ఫైల్లో చేర్చుకోవచ్చు.

'టీఎస్ లెక్సైజ్' ఫంక్షన్‌కు డిక్షనరీ పేరు, 'పల్లీలు' ఇచ్చి చూడండి. 'వేరుశనగ' అని రావాలి. 'నల్' వస్తే ఆ మాట ఫైల్లో లేదన్నమాట. ఫైల్లో ఉండి కూడా నల్ వస్తుంటే జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే, కంటికి కనిపించని క్యారెక్టర్ ఉందేమో చూడండి. 'కార్న్‌ఫ్లోర్' లాంటి మాటల్లో పొల్లు తర్వాత కొన్ని కీబోర్డులు దాన్ని పెడతాయి, కొన్ని పెట్టవు. చూపుకు ఒకటే, డేటాబేస్‌కు రెండు వేర్వేరు మాటలు. ఇండెక్స్ చేసేముందూ వెతికేముందూ 'రీప్లేస్' ఫంక్షన్‌తో 8204 నంబరు క్యారెక్టర్‌ను తీసేయండి. ఫైల్లోని మాటలను కూడా అది లేకుండానే రాయండి.

ఫైలు మార్చిన రోజు

ఈ రోజు 'శనక్కాయలు వేరుశనగ*' అని కొత్త వరస చేర్చారనుకోండి. పాత వంటకాల ఇండెక్సులో ఇంకా 'శనక్కాయలు' అనే ఉంటుంది. వెతికే మాట మాత్రం 'వేరుశనగ'గా మారిపోతుంది. అంటే నిన్నటిదాకా దొరికిన వంటకం ఈ రోజు మాయమవుతుంది! కాబట్టి ఫైలు ముట్టుకున్న ప్రతిసారీ టీఎస్ వెక్టర్ కాలమ్‌ను (డిక్షనరీలు దాటి వచ్చిన మాటలు దాచే కాలమ్) మళ్లీ లెక్కించాలి. అది జెనరేటెడ్ కాలమ్ (వేరే కాలమ్ నుంచి తనంతట తానే తయారయ్యేది) అయితే, అది ఏ కాలమ్ నుంచి పుడుతుందో దాన్ని దానితోనే అప్‌డేట్ చేస్తే సరిపోతుంది. విడిగా కాలమ్ లేకుండా నేరుగా ఇండెక్సులోనే లెక్కించే ఎక్స్‌ప్రెషన్ ఇండెక్స్ అయితే 'రీఇండెక్స్' చేయాలి.

దానికంటే ముందు ఇంకో పని. ఒక్కో కనెక్షన్ ఫైలును ఒక్కసారే చదువుకుంటుంది, అప్పటికే తెరిచి ఉన్నవి పాతదే వాడుతుంటాయి. ఏమీ మార్చకపోయినా సరే, 'ఆల్టర్ టెక్స్ట్ సెర్చ్ డిక్షనరీ' ఒకసారి నడిపితే అన్నీ కొత్త ఫైలు చదువుతాయి.

ఈ ఫైలు డేటాబేస్ బ్యాకప్‌లో రాదు, రెప్లికా సర్వర్‌కూ (డేటాబేస్ నకలు ఉండే సర్వర్) దానంతటది వెళ్లదు. ప్రాజెక్టు కోడ్‌తో పాటే దాచుకోండి.

క్లౌడ్‌లో మేనేజ్డ్ డేటాబేస్ వాడేవాళ్లకు సాధారణంగా సర్వర్‌లో ఫైలు పెట్టే వీలుండదు. వాళ్లకు, వెతికే మాటను మార్చి రాసే 'టీఎస్ రీరైట్' ఫంక్షన్ ఉంది. రెండు కాలమ్‌ల టేబుల్ ఒకటి చేసి, ఎడమ పక్క 'పల్లీలు', కుడి పక్క 'పల్లీలు లేదా వేరుశనగ లేదా చెనక్కాయలు' అనే అర్థంలో టీఎస్ క్వెరీ (పోస్ట్‌గ్రెస్‌లో వెతికే మాటల రూపం) పెట్టుకోవాలి. మార్పు వెతికేటప్పుడే జరుగుతుంది, ఇండెక్సును ముట్టుకోనక్కర్లేదు. మాటలు రోజూ చేరుతూ ఉండే దశలో, సొంత సర్వర్ ఉన్నా సరే, నేనైతే దీనితోనే మొదలుపెట్టి, జాబితా కుదురుకున్నాక ఫైలుకు మారమంటాను.