గేమింగ్ కంప్యూటర్ కూర్చుకుందాం – 3వ పాఠం: మానిటర్ తేలాకే గ్రాఫిక్స్ కార్డు

గత పాఠం చివర ఒక షాపు కొటేషన్ ఇచ్చి, అందులో తప్పులు పట్టమన్నాం. కోర్ ఐ7-12700ఎఫ్ ప్రాసెసర్, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్ ఒకే స్టిక్, 4 జీబీ జీటీఎక్స్ 1650 కార్డు, 27 అంగుళాల 1080పీ 75 హెర్ట్జ్ మానిటర్, క్యాబినెట్‌తో పాటే వచ్చే 450 వాట్ల ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె).

కార్డు బలహీనమని అందరికీ తట్టే ఉంటుంది. 12 కోర్ల ప్రాసెసర్ పక్కన 2019 నాటి 75 వాట్ల కార్డు పెట్టారు. ర్యామ్ ఒకే స్టిక్ కావడంతో మెమరీ దారి సగానికి సగం మూసుకుపోయింది. అయితే కొటేషన్‌లో అసలు లోపం ఈ రెండిటికంటే ముందే ఉంది. ఈ కంప్యూటర్ సెకనుకు ఎన్ని ఫ్రేములు, ఎన్ని పిక్సెళ్లతో గీయాలో ఎవరూ నిర్ణయించలేదు. "ఐ7 ఉంటే మంచిది" అని మొదలుపెట్టి, మిగిలిన డబ్బుతో మిగిలినవి సర్దారు. ఈ పాఠంలో మానిటర్‌తో మొదలుపెట్టి అక్కడి నుంచి వెనక్కి వస్తాం.

ఏ భారం ఎవరి మీద

మానిటర్ రెండు పనులు అడుగుతుంది. ఒక ఫ్రేములో ఎన్ని పిక్సెళ్లు ఉండాలన్నది రిజల్యూషన్, సెకనుకు ఎన్ని ఫ్రేములు చూపగలనన్నది రిఫ్రెష్ రేటు.

పిక్సెళ్ల భారం దాదాపు మొత్తం గ్రాఫిక్స్ కార్డుదే. 1080పీలో 20.7 లక్షల పిక్సెళ్లు, 1440పీలో 36.9 లక్షలు, 4కేలో 83 లక్షలు. అంటే 1080పీ నుంచి 1440పీకి వెళ్తే పని 1.78 రెట్లు, 4కేకి వెళ్తే సరిగ్గా 4 రెట్లు. కార్డు పిక్సెళ్లతో పాటు పిక్సెళ్లతో సంబంధంలేని పనులు కూడా చేస్తుంది కాబట్టి ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేములు) అదే నిష్పత్తిలో పడిపోదు. కానీ దిశ మాత్రం అదే.

ఫ్రేముల భారం ప్రాసెసర్, కార్డు ఇద్దరి మీదా పడుతుంది. 60 హెర్ట్జ్‌లో ఒక ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్ల గడువు ఉంటుంది. 144 హెర్ట్జ్‌లో 6.9, 240 హెర్ట్జ్‌లో 4.2. ఆ గడువులోగా పాత్రల కదలికలు, భౌతిక లెక్కలు, ఏ వస్తువు ఎక్కడ గీయాలన్న ఆదేశాలు, అన్నీ ప్రాసెసర్ పూర్తిచేసి కార్డుకు అందించాలి. కార్డు అందుకోలేకపోతే మీరు రిజల్యూషన్ తగ్గించవచ్చు, నీడల నాణ్యత తగ్గించవచ్చు. ప్రాసెసర్‌కు అంత వెసులుబాటు లేదు. గుంపుల సాంద్రత, ఎంత దూరం కనపడాలి, రే ట్రేసింగ్ (వెలుగు కిరణాల దారి లెక్కించి గీయడం) లాంటి కొన్ని సెట్టింగులే దాని బరువు తగ్గిస్తాయి. తక్కువ పిక్సెళ్లతో గీసి పెద్దది చేసే డీఎల్ఎస్ఎస్, ఎఫ్ఎస్ఆర్ లాంటి అప్‌స్కేలింగ్ కూడా కార్డుకే ఊరట. 1440పీలో డీఎల్ఎస్ఎస్ క్వాలిటీ పెడితే కార్డు లోపల 960పీలోనే గీస్తుంది. ప్రాసెసర్ పని అంతే ఉంటుంది.

రెండు అంకెల్లో చిన్నది

కొనకముందే ఫలితం అంచనా కట్టే పద్ధతి ఇది. మీరు ఎక్కువగా ఆడే గేముకు రెండు రివ్యూలు వెతకండి.

ఒకటి ప్రాసెసర్ రివ్యూ. అందులో అత్యంత శక్తిమంతమైన కార్డు పెట్టి, 1080పీలో పరీక్షిస్తారు. అక్కడ వచ్చే ఎఫ్‌పీఎస్ ఆ ప్రాసెసర్ పరిమితి. రెండోది కార్డు రివ్యూ. అందులో అత్యంత వేగవంతమైన ప్రాసెసర్ పెట్టి, మీ మానిటర్ రిజల్యూషన్‌లో పరీక్షిస్తారు. అది ఆ కార్డు పరిమితి. మీ ఇంట్లో వచ్చేది ఈ రెండిటిలో చిన్నది, ఒక్కోసారి ఇంకాస్త తక్కువ.

ఒక ఊహా లెక్క చూడండి. ప్రాసెసర్ పరిమితి 150, కార్డు పరిమితి 1440పీలో 85, 1080పీలో 130 అనుకుందాం. 1440పీ మానిటర్ కొంటే 85 వస్తుంది, 1080పీ కొంటే 130. ఈ కూర్పులో ప్రాసెసర్‌కు ఇంకో పది వేలు పోస్తే ఒక్క ఫ్రేము కూడా పెరగదు. అదే డబ్బు కార్డుకు పెడితే రెండు రిజల్యూషన్లలోనూ పెరుగుతుంది. సమతూకం అంటే రెండు పరిమితులూ సమానంగా ఉండటం కాదు. ప్రాసెసర్ పరిమితి కార్డు పరిమితికంటే ఓ 20-30 శాతం పైన ఉంటే చాలా గేములు సాఫీగా నడుస్తాయి. ప్రాసెసర్ దగ్గర ఆగితే వచ్చే కుదుపు, కార్డు దగ్గర ఆగితే వచ్చే నెమ్మదికంటే ఎక్కువ చికాకు పెడుతుంది కాబట్టి ఆ మిగులు ప్రాసెసర్ వైపే ఉండాలంటాం.

ఏ గేము అన్నది ఇక్కడ చాలా ముఖ్యం. వాలరెంట్, కౌంటర్-స్ట్రైక్ 2 లాంటివి కార్డును పెద్దగా అలసట పెట్టవు, ప్రాసెసర్‌నే పరీక్షిస్తాయి. సైబర్‌పంక్ 2077 రే ట్రేసింగ్‌తో ఆడితే కార్డే చెమటోడుస్తుంది. రెండు రకాలూ ఆడేవాళ్లు రెండిటికీ విడివిడిగా లెక్క వేసుకోవాలి.

మానిటర్

24 అంగుళాల 1080పీలో అంగుళానికి సుమారు 92 పిక్సెళ్లు ఉంటాయి. అదే 1080పీని 27 అంగుళాలకు సాగదీస్తే 82కి పడిపోతుంది, బల్ల దూరం నుంచి అక్షరాల అంచులు గరుకుగా కనపడతాయి. గత కొటేషన్‌లో మానిటర్ చేసిన తప్పు అదే. 27 అంగుళాలకు 1440పీ సరైన జోడీ, 109 వస్తాయి. 32 అంగుళాల 1440పీ మళ్లీ 92 దగ్గరికే వస్తుంది, కొంచెం దూరంగా కూర్చునేవాళ్లకు ఫర్వాలేదు. 4కే గేమింగ్ బడ్జెట్ వేరే లోకం, ఈ పాఠమాలలో దాని జోలికి పోవడం లేదు.

రిఫ్రెష్ రేటు 60 నుంచి 144కు మారితే తేడా ఎవరికైనా తెలుస్తుంది. 144 నుంచి 180కి మారితే ఒక్కో ఫ్రేముకు తగ్గేది 1.4 మిల్లీసెకన్లే. పోటీ గేములు ఆడనివాళ్లు ఆ తేడాకు అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు.

పెట్టెమీద "1 ఎంఎస్" అని చూసి మోసపోకండి. అది ఎంపీఆర్‌టీ (కదిలే బొమ్మ ఎంత మసకబారుతుందో చెప్పే కొలత) అయితే బ్యాక్‌లైట్‌ను ఆర్పి వెలిగిస్తూ సాధించిన అంకె, పిక్సెల్ రంగు మారే వేగం కాదు. "హెచ్‌డీఆర్ 400" ముద్ర కూడా అంతే. 400 నిట్ల వెలుగు అందుకుంటే ఆ ముద్ర వస్తుంది, తెరను భాగాలుగా మసకబార్చే ఏర్పాటు ఉండనక్కర్లేదు. దానివల్ల చీకటి దృశ్యాల్లో నలుపు బూడిదరంగులోనే ఉంటుంది.

ప్యానెళ్లలో (తెర రకాల్లో) ఐపీఎస్ రంగులూ పక్కచూపూ బాగుంటాయి, కాంట్రాస్ట్ (తెలుపు, నలుపుల వెలుగు నిష్పత్తి) సుమారు 1000:1. వీఏలో అది 3000:1 దాకా, ఆపైన కూడా ఉంటుంది. నలుపు నల్లగానే కనపడుతుంది, కానీ చవక వీఏ తెరల్లో చీకటి రంగులు కదిలేటప్పుడు వెనక మరకలా జారుతుంది. వేగమైన షూటర్లకు ఐపీఎస్, కథా గేములకూ సినిమాలకూ వీఏ అని మా అభిప్రాయం. ఓఎల్‌ఈడీ అన్నిటికంటే అందం, కానీ రోజంతా అదే తెరమీద ఆఫీసు పని చేసేవాళ్లకు టాస్క్‌బార్ అచ్చు శాశ్వతంగా పడే ముప్పు ఉంది.

తప్పక చూడాల్సింది వీఆర్‌ఆర్ (మారే రిఫ్రెష్ రేటు), అంటే ఫ్రీసింక్ లేదా జీ-సింక్ కంపాటిబుల్. కార్డు 85 ఫ్రేములు ఇస్తే తెర కూడా 85 సార్లే మారుతుంది, చిత్రం అడ్డంగా చీలదు. దాని పరిధి కూడా చదవండి. 48-180 అని ఉంటే, ఎఫ్‌పీఎస్ 48 కిందకు పోయినప్పుడు ఒక్కో ఫ్రేమును రెండుసార్లు చూపించి లాక్కొస్తుంది. 48-75 లాంటి ఇరుకు పరిధిలో అది సాధ్యం కాదు. 40ని రెండింతలు చేస్తే 80, పరిధి దాటిపోతుంది.

కార్డు: మెమరీ దగ్గర పిసినారితనం వద్దు

1080పీ 144 హెర్ట్జ్‌కు ఆర్‌టీఎక్స్ 5060 తరగతి సరిపోతుంది. 1440పీకి 16 జీబీ ఆర్‌టీఎక్స్ 5060 టీఐ లేదా 16 జీబీ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ మొదటి మెట్టు. 1440పీలో వంద పైచిలుకు ఫ్రేములతో భారీ గేములు కావాలంటే ఆర్‌టీఎక్స్ 5070 లేదా ఆర్‌ఎక్స్ 9070 వైపు చూడాలి.

పై పేర్లలో "16 జీబీ" అని ఊరికే రాయలేదు. 5060 టీఐ, 9060 ఎక్స్‌టీ రెండూ 8 జీబీలోనూ వస్తాయి, పెట్టె మీద పేరు అదే. 1440పీలో హై టెక్స్చర్లు (వస్తువుల ఉపరితల చిత్రాలు) పెడితే కొన్ని కొత్త గేములు 8 జీబీ దాటేస్తాయి. అప్పుడు మిగిలిన డేటా కంప్యూటర్ ర్యామ్‌లో కూర్చుంటుంది, కావలసినప్పుడల్లా కార్డు కూర్చునే పీసీఐఈ స్లాట్ గుండా రావాలి. సగటు ఎఫ్‌పీఎస్ చూస్తే ఈ జబ్బు బయటపడదు. రివ్యూల్లో "1 శాతం లో" (అత్యంత నెమ్మదైన 1 శాతం ఫ్రేముల వేగం) అంకె చూడండి, అది సగటులో సగానికంటే తక్కువ ఉంటే మెమరీని అనుమానించాలి. ఇంకో ముడి కూడా ఉంది. 5060, 5060 టీఐ కార్డులు ఆ స్లాట్‌లో 8 లేన్లే (డేటా దారులే) వాడతాయి. వాటిని పీసీఐఈ 3.0 ఉన్న పాత బీ450 బోర్డులో పెడితే ఆ దారి ఇంకా ఇరుకవుతుంది. పాత బోర్డు మార్చే ఉద్దేశం లేనివాళ్లకు 16 లేన్ల 9060 ఎక్స్‌టీ మేలు.

సికింద్రాబాద్ కంప్యూటర్ల బజారు సీటీసీలో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా, కొటేషన్ మీద మెమరీ పరిమాణంతో సహా పూర్తి మోడల్ నంబరు రాయించుకోండి. "5060 టీఐ" అని మాత్రమే రాసిన కాగితానికి ఏ కార్డు ఇచ్చినా చెల్లుతుంది.

ప్రాసెసర్, ర్యామ్

పై మెట్లన్నిటికీ 6 కోర్ల రైజెన్ 5 7600 చాలు. 240 హెర్ట్జ్ పోటీ గేములకైతే రైజెన్ 7 7800ఎక్స్3డీ. దాని బలమంతా 96 ఎంబీ ఎల్3 క్యాషీలో (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీలో) ఉంది, 7600లో ఉన్నది 32. బడ్జెట్ బాగా బిగువైతే కోర్ ఐ5-12400ఎఫ్ ఇప్పటికీ నమ్మదగ్గదే. పేరు చివర "ఎఫ్" ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో లోపలి గ్రాఫిక్స్ ఉండవని గుర్తుంచుకోండి. కార్డు రిపేరుకు వెళ్తే తెర వెలగదు.

ర్యామ్ ఎప్పుడూ రెండు స్టిక్కుల కిట్‌గా కొనండి. పై రైజెన్‌లు కూర్చునే ఏఎం5 బోర్డుకు 2×16 జీబీ డీడీఆర్5-6000, సీఎల్30 (స్పందన ఆలస్యం అంకె) మంచి ఎంపిక. నాలుగు స్లాట్ల బోర్డులో ప్రాసెసర్ నుంచి లెక్కిస్తే 2, 4 స్లాట్లలో పెట్టాలి. బయోస్‌లో ఎక్స్‌పో (ర్యామ్‌ను పెట్టెమీది వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేయకపోతే 6000 వేగమని కొన్న ర్యామ్ 4800 లేదా 5600లోనే నడుస్తూ ఉంటుంది. ఇక కొత్త ఏఎం5 బోర్డు మొదటిసారి ఆన్ చేసినప్పుడు మెమరీని సరిచూసుకుంటూ కొన్ని నిమిషాలు తెర నల్లగా ఉంచుతుంది. పాడైందనుకుని మధ్యలో స్విచ్ కట్టేస్తే మళ్లీ మొదటికొస్తుంది. పది నిమిషాలు ఓపిక పట్టండి.

యూపీఎస్ లెక్క

కరెంటు పోయే ఊళ్లలో ఇది కూర్పులో భాగమే. 5060 టీఐ 180 వాట్లు, 7600 గరిష్ఠంగా 88, మిగతావన్నీ కలిపి 60 అనుకుంటే 328. మానిటర్‌కు ఇంకో 35. ఇళ్లలో మామూలుగా ఉండే 600 వీఏ (వోల్ట్-ఆంపియర్) యూపీఎస్ సాధారణంగా ఇచ్చేది 360 వాట్లే. గేము నడుస్తుండగా కరెంటు పోతే అది కీచుమని ఆగిపోతుంది. 1000 వీఏ, 600 వాట్లది తీసుకోండి. వీఏ అంకె చూసి కొనకుండా వాట్ల అంకె అడగాలి.

బిగించాక

కేబుల్‌ను మదర్‌బోర్డుకు కాకుండా కార్డుకే తగిలించండి. 1440పీ 180 హెర్ట్జ్‌కు డిస్‌ప్లేపోర్ట్ వాడండి. హెచ్‌డీఎంఐ 2.0 అయితే 144 దగ్గర ఆగుతుంది. విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి వెళ్లి రిఫ్రెష్ రేటు మార్చండి, తనంతట తాను 60 దగ్గరే ఉండిపోవడం మామూలు. మానిటర్ సొంత మెనూలో అడాప్టివ్ సింక్ ఆన్ చేసి, ఓవర్‌డ్రైవ్ (పిక్సెళ్ల రంగు వేగంగా మార్చే సెట్టింగ్) మధ్య స్థాయిలో ఉంచండి. గరిష్ఠంలో పెడితే కదిలే వస్తువుల వెనక తెల్లని అంచు వస్తుంది.

తర్వాత ఈ పరీక్ష చేయండి. వీ-సింక్ (ఫ్రేములను తెర వేగానికి కట్టేసే సెట్టింగ్), ఎఫ్‌పీఎస్ పరిమితి, అప్‌స్కేలింగ్ ఆపేయండి. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రామ్‌తో ఎఫ్‌పీఎస్, కార్డు వాడకం తెరమీదకు తెచ్చుకోండి. ఒకే దృశ్యాన్ని ముందు అసలు రిజల్యూషన్‌లో, తర్వాత 720పీలో ఆడండి. ఎఫ్‌పీఎస్ బాగా పెరిగి, అసలు రిజల్యూషన్‌లో కార్డు వాడకం 97-99 శాతం ఉంటే పరిమితి కార్డుది. ఎఫ్‌పీఎస్ కదలకుండా కార్డు 60-70 శాతంలోనే ఉంటే పరిమితి ప్రాసెసర్ లేదా ర్యామ్‌ది. ప్రాసెసర్ మొత్తం వాడకం 40 శాతమే చూపిస్తోందని దాన్ని వదిలేయకండి. 12 థ్రెడ్లలో (ప్రాసెసర్ ఒకేసారి నడిపే పని వరుసల్లో) ఒకటి పూర్తిగా నిండినా మొత్తంలో అది 8 శాతంగానే కనపడుతుంది, గేము మాత్రం ఆ ఒక్కదాని కోసమే ఆగి ఉంటుంది.

అభ్యాసం

రైజెన్ 5 5500, బీ450 బోర్డు, 2×8 జీబీ డీడీఆర్4-3200, 8 జీబీ ఆర్‌టీఎక్స్ 5060 టీఐ, 27 అంగుళాల 1440పీ 180 హెర్ట్జ్ ఐపీఎస్ మానిటర్, డబ్బాలో హెచ్‌డీఎంఐ 2.0 కేబుల్ మాత్రమే, 600 వీఏ యూపీఎస్.

1. వాలరెంట్‌లో పరిమితి ఎవరిది? సైబర్‌పంక్‌లో ఎవరిది?
2. మొత్తం ఖర్చు పెంచకుండా ఒక్క వస్తువే మార్చే వీలుంటే ఏది మారుస్తారు?
3. మానిటర్ 180 హెర్ట్జ్ చూపకపోతే ఏ క్రమంలో వెతుకుతారు?

జవాబులు 4వ పాఠంలో, ఎస్ఎంపీఎస్ ఎంపిక, మన వేసవికి తట్టుకునే క్యాబినెట్ గాలి దారులతో పాటు.