బ్రూవరీ అని బోర్డు చూసి వెనక్కి తిరిగిపోకండి

డల్లాస్ వైపు కొత్తగా వచ్చినవాళ్ళు, ముఖ్యంగా అమ్మానాన్నల్ని తెచ్చుకున్నవాళ్ళు, బోర్డు మీద బ్రూవరీ, బ్రూహౌస్ (సొంతంగా బీరు తయారుచేసుకునే హోటల్) అని కనపడగానే పిల్లల్ని పెట్టుకుని ఇక్కడికేంటని కారు తిప్పేస్తారు, మేమూ మొదటి ఏడాదంతా అదే చేశాం. మనకి బార్ అనగానే చీకటి గది, పొగ, అందరూ మగాళ్ళే, అదే గుర్తొస్తుంది కదా. ఇక్కడ ఆదివారం మధ్యాహ్నం ఒకసారి లోపలికెళ్ళి చూడండి, టేబుల్ టేబుల్‌కీ హైచైర్ ఉంటుంది, పిల్లలకి క్రేయాన్లు, రంగులేసుకునే మెనూ ఇస్తారు, ఓ మూల ఎవరో తాతగారి పుట్టినరోజు జరుగుతుంటుంది. బీరు వాళ్ళ సొంతం, అంతే, తాగితీరాలని ఏం లేదు.

మొదటిసారికి బీజేస్ బ్రూహౌస్ లాంటి చెయిన్ అయితే తేలిక. 1978లో కాలిఫోర్నియాలో పిజ్జా షాపుగా మొదలైంది, సొంత బీరు 1996 నుంచి, అందుకే తిండి మెనూనే పెద్దగా ఉంటుంది. చివర్లో పిజూకీ చెప్పండి, చిన్న పెనంలో వేడివేడి కుకీ, పైన ఐస్‌క్రీమ్ కరుగుతూ వస్తుంది, పిల్లలు స్పూన్ వదలరు.

రూట్ బీర్ సంగతి ముందే ఇంట్లో పెద్దాళ్ళకి చెప్పి తీసుకెళ్ళండి. మా పిల్లాడి ముందు నురగతో గోధుమరంగు గ్లాసు పెట్టేసరికి మా అమ్మ మొహం మారిపోయింది, ఏంట్రా వాడికి బీరు తాగిస్తున్నావా అని గ్లాసు పక్కకి లాగేసింది. అందులో మందు చుక్క ఉండదు, కూల్‌డ్రింకే అని ఒప్పించి ఒక గుటక తాగిస్తే, అమృతాంజనం వాసనొస్తోందిరా అంది, నిజమే, అందులో వేసే వింటర్‌గ్రీన్ అనే ఆకు వాసన అలాగే ఉంటుంది. పేరు ముందు హార్డ్ అని ఉంటే మాత్రం, హార్డ్ సైడర్ (ఆపిల్ రసంతో చేసేది), హార్డ్ సెల్ట్‌జర్ (సోడాలా ఉండేది), అది మందే, ఉత్త సైడర్ అని రాసున్నా ఒకసారి అడగండి.

తిండి దగ్గర ఇంకా జాగ్రత్త. ఒకచోట ఉల్లిపాయ సూపే కదా అని మా నాన్నకి ఫ్రెంచ్ ఆనియన్ సూప్ చెప్పాను, సగం తాగాక తెలిసింది అది బీఫ్ ఉడికించిన నీళ్ళతో చేస్తారని, ఆయన ఏమీ అనలేదు గానీ ఆ రాత్రి అన్నం ముట్టలేదు, నాకు ఇప్పటికీ బాధే. అందుకే వెజిటేరియన్ అని ఊరుకోకుండా నో మీట్, నో ఫిష్, నో బ్రాత్ (మాంసం ఉడికించిన నీళ్ళు) అని విడమరిచి చెప్పండి. సలాడ్ మీదా బంగాళదుంప మీదా బేకన్ ముక్కలు, అంటే పంది మాంసం, చల్లేస్తారు, చిల్లీ అంటే మిరపకాయ కాదు, సాధారణంగా బీఫ్ కూర. మందు అసలు ముట్టని ఇళ్ళవాళ్ళు బీర్ చీజ్, బీర్ బ్యాటర్ (బీరు కలిపిన పిండి) అన్న మాటలు కూడా చూసుకోండి. కారం కావాలంటే హాలపీన్యోలు (ఇక్కడి పచ్చిమిరపకాయలు) విడిగా అడగొచ్చు, మిగిలింది బాక్స్‌లో పెట్టించుకోవడం ఇక్కడ నామోషీ కాదు.

బిల్లు ఇలా ఉంటుంది: తిండి 80 డాలర్లయితే ఇక్కడ ట్యాక్స్ 8.25 శాతం, 6.60, టిప్పు 18 శాతం వేసుకుంటే 14.40, మొత్తం 101. టిప్పు మన ఇష్టం కదా అని మానేయకండి, టెక్సాస్‌లో సర్వర్‌కి ఓనరు గంటకి 2.13 డాలర్లే ఇచ్చినా చట్టం ఒప్పుకుంటుంది, వాళ్ళ బతుకు మన టిప్పు మీదే. పెద్ద గుంపుగా వెళ్తే టిప్పు ముందే కలిపేసి ఉండొచ్చు, రెండుసార్లు ఇచ్చేయకుండా బిల్లు చూసుకోండి.

తాగేవాళ్ళకి 21 నిండాలి, తెల్లజుట్టున్నా ఐడీ అడుగుతారు, ఇక్కడి లైసెన్స్ ఇంకా రాకపోతే పాస్‌పోర్టే దిక్కు. బీరు పక్కన ఏబీవీ అంకె, అంటే అందులో ఆల్కహాల్ ఎంత శాతమో, చదవండి, ఒకటి 4 ఉంటుంది ఇంకోటి 10 ఉంటుంది, గ్లాసు మాత్రం ఒకేలా కనపడొచ్చు. తాగి స్టీరింగ్ మాత్రం పట్టుకోకండి, దయచేసి. టెక్సాస్‌లో రక్తంలో ఆల్కహాల్ లిమిట్ 0.08 శాతం, కానీ అంతకన్నా తక్కువున్నా తూలుతూ నడిపితే కేసే. ఎఫ్ వన్ (చదువు), హెచ్ వన్ (ఉద్యోగం) వీసాల మీద ఉన్నవాళ్ళకి కోర్టులో ఏమీ తేలకముందే, ఒక్క అరెస్టుతోనే వీసా స్టాంపు రద్దు చేసే అధికారం అమెరికా విదేశాంగ శాఖకి ఉంది. కారు ఎవరు నడపాలో ఇంట్లోనే అనుకుని బయల్దేరండి, కుదరకపోతే మేనేజర్‌కి చెప్పి కారు అక్కడే ఉంచి ఊబర్‌లో వచ్చేయండి.